ఉయిరు కాలేజీ, సెత్త కాలేజీ: మద్రాసు జంతు సేకరణల్లో మన తెలుగు పేర్లు

మద్రాసులో పుట్టి పెరిగిన పాతతరం తెలుగువాళ్లను అడిగి చూడండి. ఎగ్మోరు మ్యూజియాన్ని ‘సెత్త కాలేజీ’ అనీ, జంతు ప్రదర్శనశాలను ‘ఉయిరు కాలేజీ’ అనీ అనేవారని చెప్తారు. సెత్త అంటే తమిళంలో చచ్చిన, ఉయిరు అంటే ప్రాణం. ఒకచోట గాజు పెట్టెల్లో, సీసాల్లో చచ్చిన జంతువులు. ఇంకోచోట తిరుగాడే జంతువులు. మ్యూజియం మొదట ఒక కాలేజీ భవనంలో మొదలైంది కాబట్టి రెండింటికీ ‘కాలేజీ’ అంటుకుపోయింది.

ఈ రెండు చోట్లా, వీటి తర్వాత వచ్చిన గిండీ పాముల పార్కులోనూ మన ఇళ్ల పిల్లలు ఏటా తిరిగి వస్తుంటారు. అక్కడి కొన్ని జీవుల శాస్త్రీయ నామాల్లో తెలుగు మాటలు ఉన్నాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. రెండు వందల ఏళ్ల కిందట మన కోస్తా మనుషులు చెప్పిన పేర్లు శాస్త్ర గ్రంథాల్లో నిలిచాయి. మన వంటిళ్లలో అవే పేర్లు తగ్గిపోతున్నాయి. సేకరణల చరిత్ర, తెలుగు పేర్ల కథ, ఇరుగుపొరుగు భాషల్లో పాముల పేర్లు, పాముకాటుకు చేయాల్సిన పనులు ఒకచోట ఉండాలని ఈ వ్యాసం.

మ్యూజియం నుంచి జూ పుట్టిన కథ

మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1851లో కాలేజీ రోడ్డులోని సెయింట్ జార్జి కాలేజీ భవనంలో మొదలైంది. బాధ్యత తీసుకున్నది ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే డాక్టరు. మొదటి సరుకు సుమారు 1,100 రాళ్లు, ఖనిజాల నమూనాలు. 1854 చివర్లో అది ఎగ్మోరులోని పాంథియన్‌కు మారింది. ఇప్పటికీ అక్కడే ఉంది. పాంథియన్ రోడ్డుకు ఆ పేరు అలా వచ్చిందే. అమరావతి స్తూపం శిల్పాలు ఉన్న మ్యూజియంగా మనవాళ్లకు అది బాగా తెలుసు. అదే ఆవరణలో జంతుశాస్త్ర విభాగం కూడా ఉంది.

మ్యూజియం ఆవరణలో బాల్ఫర్ బతికున్న జంతువులను కూడా ఉంచాడు. వాటిని చూడటానికి జనం విరగబడి రావడంతో, కర్ణాటక నవాబు దగ్గరున్న జంతువులను కూడా అడిగి తెచ్చుకున్నాడు. 1855లో మొదలైన ఆ జూలో త్వరలోనే మూడు వందలకు పైగా జీవులు చేరాయి. 1860ల్లో దాన్ని సెంట్రల్ స్టేషన్ దగ్గరి పీపుల్స్ పార్కుకు మార్చారు. ఊరు పెరిగి, చోటు చాలక, 1985లో వండలూరులో అరిజ్ఞర్ అణ్ణా జంతుశాల తెరిచారు. దాని విస్తీర్ణం 602 హెక్టార్లు. అంటే ఉయిరు కాలేజీ పుట్టింది సెత్త కాలేజీ కడుపునే.

ఎగ్మోరు జంతు విభాగంలో పిల్లలు ముందుగా ఆగేది తిమింగలం అస్థిపంజరం దగ్గర. 1874లో మంగళూరు తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం అది. పొడవు సుమారు 18 మీటర్లు. పక్కనే ఏనుగు అస్థిపంజరం కూడా ఉంది.

చచ్చిన జంతువును దాచడం ఎందుకు?

చాలామంది పిల్లలు అడిగే ప్రశ్న ఇది. పక్షి అయితే చర్మాన్ని ఈకలతో సహా ఒలిచి, ఆరబెట్టి, దూది కూరి దాస్తారు. పాము, కప్ప, చేప అయితే ముందు ఫార్మలిన్ ఎక్కించి, తర్వాత ఆల్కహాలు సీసాలో ఉంచుతారు. సీసాలో రంగు వెలిసిపోతుంది. పచ్చని పాము కొన్నేళ్లకు బూడిద రంగుకు వస్తుంది. అందుకే సీసాలో చూసినదాన్ని బట్టి రంగు చెప్పకూడదు.

నమూనాకు విలువ తెచ్చేది దానికి కట్టిన చీటీ. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు పట్టారు అన్న మూడు ముక్కలు ఉంటే వందేళ్ల తర్వాత కూడా అది పనికొస్తుంది. చీటీ పోతే మిగిలేది ఒక వింత వస్తువు మాత్రమే. కొత్త జాతిని మొదటిసారి వర్ణించినప్పుడు ఆధారంగా తీసుకున్న నమూనాను ‘మూల నమూనా’గా దాస్తారు. తర్వాత ఎప్పుడు సందేహం వచ్చినా దానితోనే పోల్చి చూస్తారు.

ఇందుకు మంచి ఉదాహరణ మన కలివికోడి. కడప, నెల్లూరు ప్రాంతాల ముళ్లపొదల్లో, రాత్రిపూట తిరిగే పక్షి. కలివి పొదల మధ్య ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1848లో దీన్ని శాస్త్రజ్ఞులు వర్ణించారు. నమూనా సేకరించిన థామస్ జెర్డన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. నెల్లూరులో పనిచేసినప్పుడు అక్కడి యానాదుల దగ్గర జంతువుల సంగతులు తెలుసుకున్నాడు. తర్వాత రాసిన పక్షుల గ్రంథంలో ఒక్కో పక్షికి తెలుగు పేరు కూడా ఇచ్చాడు.

1900 తర్వాత కలివికోడి కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్‌కు దాన్ని చూపించింది స్థానికుడైన ఐతన్న. దొరికిన ఆ పక్షి బతకలేదు. దాన్ని ముంబైలోని సొసైటీ సేకరణలో భద్రపరిచారు.

కథ అక్కడితో ఆగలేదు. ఈ పక్షి గుడ్డు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. 2013లో స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో పాత గుడ్ల సేకరణలో ఒక గుడ్డు బయటపడింది. చీటీ చూస్తే కోలారు బంగారు గనుల ప్రాంతంలో 1917లో పశువుల డాక్టరు ఒకరు సేకరించినది. పాత నమూనాల డీఎన్ఏతో పోల్చి అది కలివికోడి గుడ్డేనని తేల్చారు. కోలారులో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. ఆ పక్షి ఒకప్పుడు వారి పరిసరాల్లోనూ ఉండేదనడానికి మిగిలిన సాక్ష్యం ఒక గుడ్డు, దానికున్న ఒక చీటీ.

చెన్నైవాళ్లకూ ఈ పక్షితో ఒక లంకె ఉంది. చెన్నైకి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగు గంగ పథకం కాలువ తవ్వకంలో, కడప జిల్లాలో కలివికోడి ఉండే పొదలు కొంత దెబ్బతిన్నాయి. అభ్యంతరాలు రావడంతో కాలువ దారి మార్చారు. ఈ పక్షి ఇప్పటికీ ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోనే ఉంది.

రసెల్ విన్న తెలుగు

ఇక పాముల దగ్గరికి వద్దాం. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండు డాక్టరు 1780ల్లో విశాఖపట్నం వచ్చాడు. అతని తమ్ముడు అక్కడ కంపెనీ అధికారి. తర్వాత రసెల్‌ను మద్రాసు ప్రెసిడెన్సీకి కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించారు. పాముకాటుతో జనం చనిపోవడం చూసి, ఏది విషపామో ఏది కాదో మామూలు మనిషి గుర్తుపట్టే ఉపాయం కావాలని పనికి దిగాడు. కోరమండల్ తీరంలో సేకరించిన పాముల మీద 1796లో బొమ్మలతో పెద్ద పుస్తకం తెచ్చాడు. 1803లో విశాఖ తీరంలో దొరికిన రెండు వందల చేపల మీద మరో పుస్తకం వచ్చింది.

ఈ పుస్తకాల్లో అతను పాములకు, చేపలకు సొంతంగా పేర్లు పెట్టలేదు. ఊళ్లో వాళ్లు ఏమన్నారో ఆ మాటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. చదివితే మనకు వెంటనే తెలుస్తాయి.

- కాటుక రేకుల పొడ: ఇదే రక్తపింజరి. పొడ అంటే మచ్చ. కాటుక పెట్టినట్టు నల్లని అంచున్న మచ్చలు వీపు మీద వరుసగా ఉంటాయి. దీని శాస్త్రీయ నామం డబోయా రసేలీలో రసెల్ పేరు చేరింది. బొమ్మ కింద ఉన్న మన పేరు మాత్రం పాత పుస్తకానికే పరిమితమైంది.
- పెద్ద పొడ: కొండచిలువ.
- జెర్రిపోతు: ఈ పేరు ఇప్పటికీ అలాగే ఉంది.
- పసిరిక: చెట్ల మీద ఉండే సన్నని పచ్చ పాము.
- బంగారు పాము: నలుపు, పసుపు పట్టీలున్న పెద్ద కట్లపాము జాతి. ఈ బంగారు అనే మాటనే తీసుకుని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు దోడాన్ 1803లో మొత్తం కట్లపాముల ప్రజాతికి ‘బుంగారస్’ అని పేరు పెట్టాడు.

ఇండోనేషియా, చైనాల్లో దొరికే కట్లపాములకు కూడా ఇప్పుడు శాస్త్రలోకంలో మొదటి పేరు బుంగారస్. గిండీలో కట్లపాము గాజు పెట్టె ముందు నిలబడ్డప్పుడు మీ పిల్లలతో ఆ మాట చదివించండి. అది మన బంగారమే. చేపల్లో వాలుగ కూడా అంతే. ‘వల్లాగో’ అన్న ప్రజాతి పేరు ఆ వాలుగ నుంచి వచ్చిందే.

గిండీ పాముల పార్కు, మొసళ్ల బ్యాంకు

రోములస్ విటేకర్ మొదలుపెట్టిన పాముల పార్కు 1972లో గిండీకి వచ్చింది. భారతదేశంలో సరీసృపాల కోసం పెట్టిన మొదటి పార్కు ఇదే. గిండీ జాతీయ ఉద్యానం, పిల్లల పార్కు పక్కపక్కనే ఉంటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, కొండచిలువ, జెర్రిపోతు, మొసళ్లు, తాబేళ్లు బతికున్నవి ఇక్కడ దగ్గరగా చూడొచ్చు. సీసాల్లో భద్రపరిచిన నమూనాలు కూడా ఉన్నాయి. ఒకే జాతిని బతికున్నది, సీసాలోది రెండూ చూస్తే పిల్లలకు రంగు వెలిసిపోవడం అంటే ఏమిటో చెప్పకుండానే అర్థమవుతుంది. పక్కనున్న జాతీయ ఉద్యానంలో చుక్కల జింకలు, కృష్ణజింకలు ఉన్నాయి.

విటేకర్ దంపతులు 1976లో మహాబలిపురం దారిలో, వడనెమ్మేలి దగ్గర మొసళ్ల బ్యాంకు స్థాపించారు. అప్పటికి చర్మాల కోసం వేటాడి మన మొసళ్లను దాదాపు తుడిచిపెట్టేశారు. వాటిని పెంచి సంఖ్య పెంచడమే ఆ సంస్థ మొదటి లక్ష్యం. మన దేశంలో ఉండే మూడు రకాల మొసళ్లూ, అంటే మంచినీటి మొసలి, ఉప్పునీటి మొసలి, సన్నని పొడవాటి ముట్టె ఉన్న ఘరియాల్, అక్కడ ఉన్నాయి.

అదే ఆవరణలో ఇరుళర్ల పాము పట్టేవారి సహకార సంఘం పనిచేస్తుంది. ఇరుళర్లు తరతరాలుగా పాములు పట్టేవారు. పాము చర్మాల వ్యాపారాన్ని ప్రభుత్వం నిషేధించడంతో వారి బతుకుతెరువు పోయింది. 1978లో ఏర్పడిన ఈ సంఘం ద్వారా వారు పాములను పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే దేశంలో పాముకాటు మందు తయారవుతుంది. 2023లో ఇద్దరు ఇరుళర్లు, వడివేల్ గోపాల్, మాసి సడైయన్, పద్మశ్రీ అందుకున్నారు.

పేరు ఒకటి, పాము ఒకటి

ఒక రాష్ట్రంలో స్థిరపడి, ఇంట్లో ఇంకో భాష మాట్లాడే మనలాంటివాళ్లకు పాముల పేర్లతో ఒక చిక్కు ఉంది. తమిళంలో నాగుపామును ‘నల్ల పాంబు’ అంటారు. అక్కడ నల్ల అంటే మంచి. భయభక్తులతో మంచి పాము అన్నారు. మన ఇంట్లో పిల్లవాడు ఆ మాట వింటే నల్లగా ఉండే పాము అనుకుంటాడు. నిజంగా నల్లగా మెరిసేది కట్లపాము. నాగుపాము గోధుమ రంగులోనూ ఉంటుంది. అందుకే వరుసగా పేర్లు ఇస్తున్నాం.

- నాగుపాము: తమిళంలో నల్ల పాంబు, కన్నడంలో నాగరహావు, మరాఠీలో నాగ్, ఒడియాలో గోఖర.
- కట్లపాము: తమిళంలో కట్టు విరియన్, కన్నడంలో కట్టు హావు, మరాఠీలో మణ్యార్, ఒడియాలో చితి.
- రక్తపింజరి: తమిళంలో కన్నాడి విరియన్, కన్నడంలో కొళకు మండల, మరాఠీలో ఘోణస్, ఒడియాలో చందన బొడా.
- చిన్నపింజరి: తమిళంలో సురుట్టై విరియన్, కన్నడంలో గరగస మండల, మరాఠీలో ఫుర్సే.
- జెర్రిపోతు, విషం లేనిది: తమిళంలో సారై పాంబు, కన్నడంలో కేరె హావు, మరాఠీలో ధామణ్, ఒడియాలో ఢమణా.

మొదటి నాలుగూ మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే పాములు. జెర్రిపోతు నాగుపాముకు మగది అన్న నమ్మకం మన ఊళ్లలోనూ ఉంది, తమిళనాట కూడా ఉంది. అది తప్పు. రెండూ వేర్వేరు జాతులు. జెర్రిపోతు ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది. దాన్నే మనం ఎక్కువగా చంపుతాం. వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం ఈ పాములను చంపడం, పట్టి ఉంచుకోవడం నేరం.

కాటు వేస్తే

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఏటా సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఒడిశా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. సంక్రాంతికి, వేసవి సెలవులకు సొంతూరు వెళ్లే కుటుంబాలు ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోవాలి.

- గట్టిగా తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. పసరు, మంత్రం అంటూ గంటలు పోగొట్టకూడదు.
- ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయాలి. వాపు వచ్చాక అవి ఊడిరావు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 108కి ఫోన్ చేయాలి.
- పామును వెతకడానికి, పట్టుకెళ్లడానికి ప్రయత్నించకూడదు. దొరికే మందు ఆ నాలుగు పాముల విషానికీ కలిపి చేసిందే. డాక్టరు లక్షణాలను చూసి వైద్యం చేస్తారు.
- కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, గాటు పెద్దగా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే పామును చూడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవడం మంచి రక్షణ.

మిగతా చోట్ల ఉన్నవారికి

ఒడిశాలో ఉన్నవారికి భువనేశ్వర్ దగ్గరే నందన్‌కానన్ ఉంది. ఘరియాల్ మొసలి మనుషుల సంరక్షణలో మొదటిసారి పిల్లలు పెట్టింది అక్కడే, 1980లో. భువనేశ్వర్‌లోనూ, మైసూరులోనూ కేంద్ర ప్రభుత్వం నడిపే ప్రాంతీయ ప్రకృతి శాస్త్ర మ్యూజియాలు ఉన్నాయి. మైసూరు జూ 1892 నాటిది. యానాం వారికి పొరుగునే కోరంగి మడ అడవుల అభయారణ్యం. నీటికుక్కలు, చేపలు పట్టి తినే బావురుపిల్లులు అక్కడ సహజంగానే ఉన్నాయి.

చెన్నైలో చూడదలచినవారికి: మ్యూజియం ఎగ్మోరు పాంథియన్ రోడ్డులో ఉంది, శుక్రవారం సెలవు. వండలూరు జూ జీఎస్‌టీ రోడ్డు మీద ఉంది, మంగళవారం సెలవు. మొసళ్ల బ్యాంకు ఈస్ట్ కోస్ట్ రోడ్డులో నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు. బయల్దేరే ముందు వేళలు ఒకసారి కనుక్కోండి.

వెళ్లేముందు ఇంకో పని కూడా చేయండి. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి, వారికి తెలిసిన పాములు, పిట్టలు, చేపల పేర్లు పిల్లలతో ఒక కాగితం మీద రాయించండి. ఏ ఊళ్లో ఆ మాట వాడేవారో, ఎప్పుడు చూశారో కూడా పక్కన రాయించండి. మ్యూజియంలో చీటీ చేసే పని కూడా అదే. రసెల్‌కు ఆ పేర్లు చెప్పిన విశాఖ మనుషులెవరో ఏ పుస్తకంలోనూ లేదు. మీ ఇంట్లో చెప్పినవాళ్ల పేరు కాగితం కింద తప్పకుండా రాయించండి.